ఎండకు నోచుకోని బాతులు

ఆ వానాకాలం మా ఇంట్లో ఎండ తగిలే అర్హత మూడింటికే ఉండేది. నాన్న కారు, నాన్న చేతిరుమాళ్లు, నాన్న కారు తుడిచే గుడ్డలు. మిగతా మనుషులూ వస్తువులూ నీడలో బూజు పట్టాలి. ఇలా అని ఎక్కడా రాసిపెట్టలేదు. రాసిపెట్టి ఉంటే చింపడానికైనా వీలుండేది.

నాన్నది డ్రైవింగ్ స్కూలు. స్కూలంటే ఒక కారు, ఒక గొంతు. కారు పాతబడింది, గొంతు పాతబడలేదు. ఊళ్లో సగం మంది ఆయన తిట్లు తిని లైసెన్సు తెచ్చుకున్నవాళ్లు. మిగతా సగం ఆ తిట్లు దూరం నుంచి విని, బతికినంతకాలం నడిచే వెళ్తామని ఒట్టు పెట్టుకున్నవాళ్లు. తిట్లు తినకుండా నేర్చుకున్నది మా అక్క ఒక్కతే. అక్క రివర్సులో వస్తుంటే రోడ్డు మీద పడుకున్న కుక్కలు లేవవు. తగలదని వాటికి నమ్మకం.

ఆ ఏడు అంబులెన్సు డ్రైవరు ఉద్యోగాలు పడ్డాయి. వానలు తగ్గే వేళకి నడిపే పరీక్ష. పొద్దున ఎక్కితే సాయంత్రం దాకా సీటు దిగకూడదు. అక్క దరఖాస్తు పెట్టింది. నాన్న ఆ సంగతి పాలవాడితో సహా అందరికీ చెప్పాడు, కొందరికి రెండుసార్లు. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఇక్కణ్ణుంచి నేను ఆయన్ని తిడుతూ పోతాను, ఆయనకి కూతుళ్లంటే పడదేమో అనుకుంటారు. ప్రాణం. నా మంటంతా అందుకే.

గొడవ మొదలైంది నీడ దగ్గర. మా బిల్డింగులో మెట్ల పక్కన కప్పు ఉన్న పార్కింగు చోటు ఒకటే ఉంది. అది ఖాళీ అయింది. మా కారు ఏళ్ల తరబడి ఆరుబయట ఎండకి ఎండి వానకి తడిసి, ముందు ఒక రంగు, వెనక ఒక రంగు, డోర్లకి రంగంటూ లేని స్థితికి చేరింది. నాన్నకి ఆ చోటు కావాలి. అందరికీ కావాలి. సరిగ్గా అప్పుడే బిల్డింగు ప్రెసిడెంటు గారు ఒక వేలాడే త్రాసు కొన్నాడు. చేతిలో త్రాసు ఉన్నవాడికి ఏదో ఒకటి తూచకపోతే నిద్ర పట్టదు కదా. "ఈ వానాకాలం ఎవరింటి చెత్తబుట్ట అందరికంటే తేలిగ్గా ఉంటే చోటు వాళ్లది" అని ప్రకటించాడు. ఆ రోజు నుంచీ ఆయన పేరు తూకం మావయ్య. పేరు పెట్టింది నేనే. ఆయన మాకు మావయ్య కాడు. ఎవరికీ కాడు.

ఆ సాయంత్రం నాన్న బాత్రూం చెత్తబుట్ట తెచ్చి హాల్లో పేపరు పరిచి బోర్లించాడు. రోడ్డు గుర్తుల చార్టు చూపించే కర్ర తీసుకున్నాడు.

"మన బరువంతా ఇక్కడుంది చూడండి. వాడి పారేసే రేజర్లు. షాంపూ ప్యాకెట్లు. చెవుల్లో పెట్టుకునే పుల్లలు. మొహం తుడుచుకునే టిష్యూలు. ఇదేంటి?"

"నా మొహానికి వాడే దూదండీ," అంది అమ్మ.

"గుడ్డముక్క వాడు. ఉతుక్కో, మళ్లీ వాడు." కర్ర ఒక నల్ల కవరు దాకా వెళ్లి, ఇంచు దూరంలో ఆగిపోయింది. "ఇంకా... అవీ."

"అవంటే ఏవి నాన్నా?" అన్నాను. తెలిసే అడిగాను.

"అవే."

"అవే అంటే?"

"కోతీ! నోర్ముయ్."

కోతి అంటే నేను. ఆ కాలమంతా మా ఇంట్లో ప్యాడ్లకి 'అవి' అనే పేరు ఖాయమైంది. నాన్న నోటి నుంచి ఆ మాట రప్పించడం కంటే పెద్దపులి నోట్లోంచి మాంసం ముక్క లాగడం సులువు.

చిత్రం ఏంటంటే, ఒప్పుకోవడానికి ఎవరూ మొండికెయ్యలేదు. అక్క అప్పటికే ఆ ఆలోచనలో ఉంది. మా వంటగది కిటికీలోంచి వెనక ఖాళీ స్థలం కనిపిస్తుంది. కుక్కలు నల్ల కవర్లు చింపి, ఎవరింటివో ఏమో, అవన్నీ తీసుకొచ్చి మధ్యలో పరుస్తాయి. అవి నానతాయి, ఉబ్బుతాయి, ఏళ్లయినా అక్కడే ఉంటాయి. "నేను చచ్చాక కూడా నా చెత్త బతికుంటుందే," అనేది అక్క. నిజంగా బాధపడి అనేది.

అక్కే కుట్టింది. మెత్తటి పాత నూలు దుప్పట్లు కత్తిరించి, మడతలు పెట్టి, పక్కల రెక్కలకి టిచ్ బటన్లు వేసి కుట్టింది. పై గుడ్డకి నా చిన్నప్పటి దుప్పటి దొరికింది. దాని నిండా పసుపుపచ్చ బాతులు. అలా మా ఇంటి ఆడవాళ్ల ముగ్గురి కష్టకాలం ఒక బాతుల గుంపు చేతిలో పడింది. వానలు ఇంకా పట్టుకోకముందు మొదటిసారి వాడాం. పెళపెళలాడే ఎండలో ముందు బాల్కనీ తీగ మీద ఆరేశాం. నాన్న అప్పుడు పక్క ఊళ్లో చెల్లెలి ఇంటికి వెళ్లాడు కాబట్టి గమనించలేదు. ఒరుసుకోవడం లేదు, దురద లేదు, అంత హాయిగా నాకెప్పుడూ లేదు. ఇది ఒట్టేసి చెప్పగలను. తర్వాత జరిగినదానికి బాతుల తప్పేం లేదు.

నాన్న కూడా మారాడు. స్టీలు రేజరు కొన్నాడు. అందులో బ్లేడు మార్చుకుంటే చాలు, రేజరు మనవలకి కూడా పనికొస్తుందట. దానికి హాల్లో ఒక స్టాండు. వచ్చినవాళ్లందరికీ దర్శనం. టిష్యూలు మానేసి చేతిరుమాళ్లు మొదలెట్టాడు, రోజుకి మూడు. ఆయనకి జలుబు చేస్తే ఐదు. రేజరు ఆయన కడుక్కునేవాడు. ఆ పనికి అర నిమిషం. రుమాళ్లూ, దూది బదులు వచ్చిన గుడ్డముక్కలూ, బాతులూ ఎవరు ఉతికారో అడక్కండి. అమ్మ పళ్ల ల్యాబులో పనిచేస్తుంది, రోజంతా మైనంతో కట్టుడు పళ్లు చెక్కి వస్తుంది. వచ్చి ఇవి ఉతికేది. నేనూ అక్కా వంతులు వేసుకున్నా మిగిలేవి.

మొదటి ఆదివారం తూకం. మెట్ల దగ్గర అందరూ బుట్టలతో నిలబడ్డారు. తూకం మావయ్య పట్టకారుతో ప్రతి బుట్టా కెలికి చూశాకే త్రాసుకి తగిలిస్తాడు, మోసం జరగకుండా. మా బుట్టలో పట్టకారు పెట్టాడు. అమ్మ ల్యాబులో పగిలిపోయి పారేసిన పళ్ల సెట్టు ఒకటి ఇకిలించింది.

ఆయన పట్టకారు వదిలేసి రెండు మెట్లు పైకెక్కాడు.

"ఏమ్మా ఇది?"

"పళ్లండీ," అన్నాను.

"అదే... ఇవి తడి చెత్తా, పొడి చెత్తా?"

"ఎవరి నోట్లోంచి ఊడాయన్నదాన్ని బట్టండీ."

నాన్న నా జడ పట్టుకుని వెనక్కి లాగాడు. అయినా మా బుట్టే తేలిక. తూకం మావయ్య నాన్న భుజం తట్టి, "చూశారా, ఇంటి పెద్ద నడుం కడితే ఇలా ఉంటుంది!" అన్నాడు. చుట్టూ చప్పట్లు. నాన్న తలొంచుకుని సిగ్గుపడ్డాడు. ఉతికి ఉతికి పొట్టు లేచిన అమ్మ వేళ్లు కూడా ఆ చప్పట్లలో ఉన్నాయి. అమ్మ నిజంగానే కొట్టింది.

ఆ తర్వాత వానలు పట్టుకున్నాయి. మామూలుగా కాదు. ఊళ్లో కప్పలు కూడా గొడుగులు అడిగే వానలు. ఏ మధ్యాహ్నమో ఓ గంట ఎండ మొహం చూపించి, అప్పు ఇచ్చినవాణ్ణి చూసినట్టు తప్పుకునేది. ఆ గంటా ఎండ పడేది మా ముందు బాల్కనీ మీదే. నాన్న అప్పుడే క్లాసు ముగించుకుని పైకొచ్చాడు. తీగ చూశాడు. గొడుగు కొనతో ఒక బాతుని, చచ్చిన బల్లిని తీసినట్టు తీశాడు.

"ఇది ఇక్కడెవరు పెట్టారు?"

"నేనే నాన్నా. ఎండ ఇక్కడే కదా పడుతుంది."

"కింద నా స్టూడెంట్లు నిలబడతారు. తలెత్తి చూస్తే?"

"బాతులు కనిపిస్తాయి."

"వెటకారాలొద్దు. డక్టు దగ్గర ఆరేసుకోండి."

డక్టు అంటే మా బాత్రూం వెనక నాలుగిళ్ల పైపులు దిగే సందు. అక్కడికి సూర్యుడు రావాలంటే దారి చెప్పేవాడు ఒకడు ఉండాలి. గాలి వస్తుంది, కింద ఇంటివాళ్ల వంట పొగతో కలిసి.

"అక్కడ ఆరవు నాన్నా. చెమ్మగానే ఉంటాయి."

"రెండ్రోజులు ఉంచండి."

"మీ రుమాళ్లు ఇక్కడెందుకున్నాయి మరి? మీరు చీదింది ఊరంతా చూడొచ్చా?"

"అది వేరు."

"ఏం వేరు?"

"వేరంటే వేరు!"

బాతు గొడుగు కొన మీద అటూ ఇటూ ఊగుతోంది. నా వైపు వాదించడానికి అమ్మ వస్తుందని చూశాను. అమ్మ గుమ్మం దగ్గరే నిలబడి, "ఒసేయ్, అక్క పరీక్ష అయ్యేదాకా ఓపిక పట్టండే," అంది మెల్లగా. "కారు ఆయనది. ఆయనకి కోపమొచ్చి ప్రాక్టీసు ఆపేస్తే ఏం చేస్తాం?"

అలా అక్క పరీక్ష కోసం బాతులు డక్టులోకి వెళ్లాయి. ముట్టుకుంటే మెత్తగా, చల్లగా, తడిసిన కుక్కపిల్లలా ఉండేవి. ఒక వాసన. అమ్మ ఇస్త్రీ పెట్టె పెట్టి ఆరబెట్టేది, కరెంటు ఉన్నప్పుడు. లేనప్పుడు చెమ్మవే వాడాం. నా బాతులకి నేను ఇస్త్రీ దగ్గర గొడవపడి ముందు వరస సంపాదించుకునేదాన్ని. అక్క ఎప్పుడూ చివర నిలబడేది, అక్కలు అలా నిలబడాలని వాళ్లకి ఎవరు చెప్తారో తెలీదు.

ప్రాక్టీసుకి నేను వెనక సీట్లో కూర్చునేదాన్ని. నాన్న నన్ను పేషెంటు అనేవాడు. కుదుపు లేకుండా నడుపుతోందో లేదో చెప్పడం నా పని. ఓ రోజు అక్క గేరు మార్చినప్పుడల్లా సీట్లో ఒక పక్కకి ఒరుగుతోంది. మలుపు దగ్గర పైకి లేచింది. కారు జెర్కిచ్చింది.

"ఏంటది? సరిగ్గా కూర్చో!" అరిచాడు నాన్న. అక్క మీద అరవడం నేను వినడం అదే మొదలు.

"కూర్చున్నా నాన్నా."

"ఇది కూర్చోవడమా? ముళ్ల మీద కూర్చున్నట్టు ఆ మెలికలేంటి? రేపు వెనక ప్రాణం పోయేవాడు పడుకుని ఉంటాడు. నీ మెలికలకి వాడు ముందే పోతాడు!"

అక్క కింది పెదవి లోపలికి పోయింది. అద్దంలో నాకు కనిపించింది. ఇంటికొచ్చాక బాత్రూంలోకి లాక్కెళ్లి అడిగాను. చెప్పలేదు. గోడకి ఆనుకుని నిలబడి, చూపించింది. నేనిక్కడ వర్ణించను. తొడల లోపల చర్మం అనేది లేదు, అంతవరకు చాలు.

"నాన్నకి చెప్తాను," అన్నాను.

"చెప్తే చంపుతా. పరీక్షకి ఎంత దూరం ఉందే? ఆగలేనా?"

"ఆగడం కాదక్కా, నువ్వు కూర్చోలేవు."

"కూర్చుంటా."

ఆ పూట నేను అన్నం తినలేదు. ఇలా అంటే ఎవరూ నమ్మరు, నేను జ్వరంలో కూడా తింటాను. బాల్కనీలోకెళ్లి కిందికి చూశాను. వాన ఆగి అప్పుడే ఎండ కాసింది. తీగ మీద నాన్న రుమాళ్లు కాళ్లు చాపుకుని ఎండ కాగుతున్నాయి. కింద కారు అద్దాలన్నీ బిగించి ఎండలో నిలబడి ఉంది, లోపల గుడ్డు పెడితే ఉడికేటట్టు. దానికి ఆ ఎండ అక్కర్లేదు. దాన్ని నీడలో పెట్టడానికే కదా ఈ యజ్ఞమంతా.

తాళంచెవి మేకుకే వేలాడుతోంది. ఉన్న బాతులన్నీ బుట్టలో వేసుకుని దిగాను. ఉతికి, రెండ్రోజులు డక్టులో మగ్గిన శుభ్రమైన బాతులే. కారు వెనక అద్దం కింద పలక ఉంటుంది కదా, దాని మీద వరసగా పేర్చాను. ముందు అద్దం కింద కూడా పెట్టాను, మధ్యలో నాన్న 'బ్రేకు మీద కాలుంచు' బోర్డు పక్కన. డోరు వేసేశాను. సాయంత్రం క్లాసుకి ముందు తీసేస్తే ఎవరికీ తెలీదు. అరగంటకి వెళ్లి చూస్తే అప్పడాల్లా ఉన్నాయి. అంత ఆనందం నాకు పరీక్ష పాసైనప్పుడు కూడా కలగలేదు, నేను పాసైన సందర్భాలు తక్కువనుకోండి.

రెండో వైపు తిప్పడానికి మళ్లీ దిగేసరికి ఇంజను మోగుతోంది. స్టీరింగు దగ్గర తూకం మావయ్య. పక్క సీట్లో నాన్న. ఆయన రేపటి క్లాసు ఇవాళే కావాలన్నాట్ట, నాన్న కాదనలేకపోయాడు, పార్కింగు ఆయన చేతిలో ఉంది కదా. పరిగెత్తి వెనక డోరు తీసి ఎక్కేశాను.

"నువ్వెందుకే?"

"పేషెంటుని నాన్నా."

నాన్న ఇంకా చూళ్లేదు. తూకం మావయ్య భయంతో నాన్న మోచెయ్యి పట్టుకుని ఉన్నాడు, నాన్న కళ్లు ఆ చేతి మీదే ఉన్నాయి. నేను పలక మీద బాతుల్ని ఒక్కొక్కటిగా నా ఒళ్లోకి లాక్కుంటున్నాను. ముందున్నవి ఎలా? సందు చివరికొచ్చేసరికి వాన దిగింది, బకెట్లతో కుమ్మరించినట్టు. ముగ్గురి ఊపిరికీ అద్దం తెల్లగా మూసుకుపోయింది.

"ఏం కనపట్లేదండీ! ఏం కనపట్లేదు!" అంటూ తూకం మావయ్య అదాటున బ్రేకు తొక్కాడు. ముందు బాతులు జారి ఆయన ఒళ్లో పడ్డాయి. ఆయన వాటిలో ఒకటి తీసుకుని, అద్దం తుడిచాడు.

అటూ ఇటూ, పైనా కిందా, చక్కగా తుడిచాడు. నాన్న మొహం చూడాలని అద్దంలోకి చూశాను. మా నాన్న మొహం అక్కడ లేదు. ఏదో గోడ ఉంది.

"భలే పీల్చుకుంటోందండీ ఈ గుడ్డ!" అన్నాడు తూకం మావయ్య. టిచ్ బటన్ నొక్కి చూశాడు, టక్కుమంది. "బటన్లు కూడానా! ఎక్కడ కొన్నారు?"

"ఇంట్లో కుట్టినవి," అన్నాడు నాన్న. ఆ గొంతు అంత చిన్నగా ఉండగలదని నాకు తెలీదు.

"మా కారుకి కూడా ఓ నాలుగు కుట్టించండి."

నవ్వాలి కదా? నాకు నవ్వు రాలేదు. చూశాక కూడా నాన్నకి సిగ్గు ఒక్కటే కనిపిస్తోంది. ఎందుకు తెచ్చి కారులో పెట్టాల్సొచ్చిందో ఒక్క క్షణం కూడా ఆలోచించట్లేదు. ఆ గోడ చూస్తే నాకది తెలిసిపోతోంది.

ఇంటికి రాగానే బాతుల్ని బల్ల మీద విసిరాడు.

"పరువు తీసింది! ఆయన చేత్తో... ఆయన చేత్తో అద్దం తుడిచాడు!"

"ఉతికినవే నాన్నా. ఆయన చేతికేం కాలేదు."

"నోర్ముయ్! నీకు ఆటలెక్కువయ్యాయి. అంత కొంపలేం మునిగాయని కార్లో పెట్టావు?"

"ఎండ అక్కడుంది కాబట్టి! ఇంట్లో ఎండంతా మీరే తింటున్నారు కాబట్టి!"

చెయ్యెత్తాడు. కొట్టలేదు. ఎత్తిన చెయ్యి ఏం చెయ్యాలో తెలీక గాల్లోనే ఉంది. అప్పుడు అక్క గదిలోంచి వచ్చింది.

"నాన్నా, రేపట్నుంచి ప్రాక్టీసుకి రాను."

"పరీక్ష దగ్గర పెట్టుకుని రానంటావేంటి? దీని పిచ్చి నీకూ అంటిందా?"

"కూర్చోలేకపోతున్నా."

"అంటే?"

"అంటే కూర్చోలేకపోతున్నా నాన్నా. వారం నుంచి అన్నం కూడా నిలబడే తింటున్నా."

నాన్న భోజనాల బల్ల దగ్గరున్న అక్క కుర్చీ వైపు చూశాడు. అమ్మ చేతిలో పని అలాగే వదిలేసి, చెప్పులు వేసుకుని, గొడుగు తీసింది. "పద," అంది అక్కతో. నాన్నని చూడలేదు. అమ్మ ఆయన్ని చూడకపోవడం కూడా ఆ ఇంట్లో కొత్తే.

డాక్టరమ్మ చూసి కళ్లజోడు తీసేసింది. "చెమ్మవి కట్టుకున్నావా? ఎన్నాళ్లు? ఎండలో ఎందుకు ఆరేయలేదమ్మా?"

"మా ఇంట్లో ఎండకి క్యూ ఉందండీ," అన్నాను. ఆవిడ నవ్వలేదు. కాగితం మీద జబ్బు పేరు, మందులు, మానేదాకా వాహనం నడపకూడదని రాసి ముద్ర వేసింది. గుడ్డవి వద్దనలేదు. బాగా ఎండనిచ్చే చోటు లేకపోతే మాత్రం మొండితనానికి పోవద్దంది.

తిరిగొస్తుంటే అమ్మ మందుల షాపు ముందు ఆగింది. ఉన్నవాటిలో పెద్ద ప్యాడ్ల ప్యాకెట్టు అడిగింది. షాపతను అలవాటుగా పేపర్లో చుట్టి నల్ల కవరు తీశాడు.

"కవరు వద్దు బాబూ. పేపరూ వద్దు. చెత్త పెరుగుతుంది."

దాన్ని చంకలో పెట్టుకుని బిల్డింగు వాకిట్లోంచి, నాన్న స్టూడెంట్ల మధ్యలోంచి నడిచింది. దారివ్వండి బాబూ అని కూడా అంది. ఆదివారం బుట్ట కూడా తనే దించింది. త్రాసు ముల్లు కిందికి దిగింది.

"అయ్యో, ఈ వారం బాగా ఎక్కువైందే!" అన్నాడు తూకం మావయ్య.

"అవునండీ," అంది అమ్మ. "రాసుకోండి."

నాన్న మెట్ల మీదే ఉన్నాడు. పార్కింగు చోటు మూడో అంతస్తులో ఉండే ఆయనకి వెళ్లింది. ఆయన ఎప్పుడూ ఊళ్లో ఉండడు కాబట్టి చెత్తే లేదు. ఆయనకి కారు కూడా లేదు. గొడుగు ఆరబెట్టుకుంటున్నాడు అందులో.

పరీక్ష రోజు వచ్చింది. అక్క పుండ్లు మానలేదు. పొద్దున్నే నాన్న లేచి చొక్కా వేసుకుని, డాక్టరమ్మ కాగితం జేబులో పెట్టుకుని, "నేను వెళ్లి మాట్లాడి వస్తా" అన్నాడు. అక్క రోజంతా కిటికీ దగ్గర నిలబడింది. సాయంత్రం తడిసి ముద్దై వచ్చాడు.

"అడిగాను. కుదరదన్నారు."

"ఏమని అడిగారు?" అంది అక్క.

"ఒంట్లో బాలేదని."

"ఏం బాలేదని?"

నాన్న జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. పెట్టిన మడత పెట్టినట్టే ఉంది. ఎవరికీ చూపించలేదు. అందులో 'అవి' గురించి రాసి ఉంది కదా మరి.

నేను కేకలేస్తాననుకున్నాను. గొంతు దాకా వచ్చాయి. అక్క కాగితం తీసుకుని సంచిలో పెట్టుకుంది, అంతే. మర్నాడు పొద్దున నన్ను లేపింది. బస్సులో సీట్లన్నీ ఖాళీగా ఉన్నా ఇద్దరం నిలబడే వెళ్లాం. కండక్టరు మమ్మల్ని పిచ్చివాళ్లనుకున్నాడు. ఆఫీసులో గుమాస్తా కాగితం చదివాడు, అక్కడి నలుగురికీ వినపడేలా, జబ్బు పేరుతో సహా. ఎవరూ చచ్చిపోలేదు. పైకప్పు కూడా కూలలేదు.

"ఒంట్లో బాలేనివాళ్లకి రెండో బ్యాచ్ ఉందమ్మా, చలికాలం మొదట్లో. నిన్న ఒకాయన వచ్చి ఊరికే బతిమాలి వెళ్లాడు. ఈ కాగితం నిన్నే చూపిస్తే అయిపోయేదిగా?" అంటూ ముద్ర కొట్టాడు.

అక్క "అయిపోయేదండీ," అంది. ఆ మాట ఎంత మర్యాదగా అందంటే నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంట ఇప్పటికీ ఆరలేదు. పులి వచ్చి మీద పడితే అడ్డం నిలబడే మనిషి, ఒక్క మాట నోటితో అనలేక కూతురి పరీక్ష వదిలేసి వచ్చాడు. ఆ ప్రేమని ఏ త్రాసుకి తగిలించాలో నాకు తెలీదు.

వానలు వెనక్కి తగ్గాయి. పుండ్లు మానాయి. ఓ ఉదయం, సరిగ్గా క్లాసు మొదలయ్యే వేళకి, అక్క, అమ్మ కొన్న ప్యాకెట్టు నా చేతిలో పెట్టి, "ఇది నువ్వు వాడుకుంటే వాడుకో, నేను మాత్రం నావే," అంది. బుట్ట తీసుకుని ముందు బాల్కనీలోకి వెళ్లింది. తీగ మీద రుమాళ్లని ఓ పక్కకి జరిపింది. బాతుల్ని ఒక్కొక్కటే దులిపి, చాచి, క్లిప్పులు పెట్టింది. తొందరపడలేదు.

నేను గ్రిల్లు దగ్గరికెళ్లి కిందికి చూశాను. కారు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. స్టీరింగు దగ్గర కొత్త కుర్రాడు కిటికీలోంచి మెడ చాపి పైకి చూస్తున్నాడు. నాన్న ఎందుకా అని తనూ తల బయటికి పెట్టి చూశాడు. బాతుల్ని చూశాడు. అక్కని చూశాడు. అక్క ఆయన కళ్లలోకే చూస్తూ ఇంకో క్లిప్పు పెట్టింది.

"ఏంటి సార్ అవి?" అన్నాడు కుర్రాడు.

నాన్న గొంతు సవరించుకున్నాడు. ఇక్కడిదాకా వినిపించింది.

"ప్యాడ్లు," అన్నాడు. "రోడ్డు చూడు."

అమ్మ దాన్ని క్షమాపణ కింద లెక్కేసుకుంది. నేను ఇంకా వేసుకోలేదు.